పరదేశమున పండుగ విస్తరి

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



రజతోత్సవ సంఘమువారు నన్ను కూడ ఈ వేదికపై నాలుగు మాటలు చెప్పుమని కోరిరి. నేను పండితుడను గాను. పద్దులు వ్రాసి పొట్ట పోసికొనువాడను. సాయంకాలము లెక్కల పుస్తకము మూసిన పిదప ఈ గ్రంథాలయమున కూర్చుండి, నిఘంటువును ప్రక్కన పెట్టుకొని, చేతనైనంత కావ్యములు చదివికొన్నవాడను. గురువు లేని చదువు గనుక నా మాటలలో దోషములుండవచ్చును. మన్నింపుడు.

"మీరు అమెరికాకు పోయివచ్చితిరి గదా, ఆ దేశపు వింతలు చెప్పుడు" అని కార్యదర్శిగారు సూచించిరి. వింతలను వర్ణించు శక్తి నాకు లేదు. అచట మా కుమారుని యింట ఒక పూట మిత్రులను పిలిచి ఉగాది భోజనము పెట్టితిమి. ఆ యొక్క పూట సంగతి మాత్రము చెప్పెదను. దానిని చెప్పవలసిన చోటు మల్దకల్లే గాని వేఱొకటి కాదని నాకు తోచినది. ఏలయో చివరకు మీకే తెలియును.

స్వస్థలము వీడినవాడు పండుగనాడు మొదట తలచునది తన యాకలిని గాదు, తన విస్తరి ప్రక్కన ఎవరు కూర్చుందురా యని. భారతమున అరణ్యపర్వారంభమును జ్ఞప్తికి తెచ్చికొనుడు. ధర్మరాజు రాజ్యము పోగొట్టుకొని అడవికి పోవుచున్నాడు. అప్పుడు ఆయనకు కలిగిన విచారమేది? సింహాసనము పోయినదని గాదు. వెంట వచ్చిన విప్రులకు అన్నమెట్లు పెట్టుదునా యని. ధౌమ్యుని యుపదేశముచే సూర్యుని ఆరాధించి, తఱుగని అన్నమునకు వరము పడసెను. అందఱికి పెట్టి చివరకు ద్రౌపది భుజించును. అనగా అడవిలో నున్నను గృహస్థుడు గృహస్థుడే. ఇల్లు లేకపోవచ్చును గాని, పెట్టు చేయి ఉండవలెను.

పురాణకథ యటుండనిండు. 1834 మొదలు చెఱకుతోటలలో పనికై మన దేశమునుండి కూలీలను ఒప్పందముపై మారిషస్ ద్వీపమునకు కొనిపోయిరి. వారిలో తెలుగువారును గలరు. గోదావరి సాగరసంగమమునొద్ద నున్న కోరంగి రేవు పేరుమీదుగా అచట తెలుగువారిని కోరంగీలనిరి. తరములు గడచినను వారు ఉగాదిని విడువలేదు. అచట ఆంధ్ర మహాసభ ఏర్పడినది. 1968 లో ఆ దేశము స్వతంత్రమైనది. నేడు ఆ ద్వీపమున ఉగాది ప్రభుత్వ సెలవుదినము. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు 1990 లో అచటనే జరిగినవి. తెలుగు మాట తడబడిన యిండ్లలోను ఉగాది తడబడలేదు.

అంత దూరమేల? మన పాలమూరు కూలీలను తలపుడు. 1955 లో నాగార్జునసాగరమునకు పునాది వేసిన పిదప ఆ యానకట్టకు రాళ్ళు మోసినవారిలో మనవారెందఱో గలరు. దేశమున ఎచట కాలువ త్రవ్వినను, ఆనకట్ట కట్టినను, గుంపు మేస్త్రీల వెంట మన గుంపులు పోయినవి. పండుగనాడు మూడు రాళ్ళు పేర్చి పొయ్యి చేసి, గుడిసెల నడుమ గోనెపట్టా పఱచి, ఉన్నదానిని పంచుకొని తిన్నవారు ఈ సభలోనే కూర్చుండియున్నారు. ఆ విందులను గూర్చి ఎవరును కావ్యము వ్రాయలేదు. ఓడలో పోయినవానికి, లారీలో పోయినవానికి, విమానమున పోయినవానికి పండుగనాటి వెలితి ఒక్కటే.

ఇక నా సంగతికి వచ్చెదను. 2024 వసంతమున మా కోడలు ప్రసవించుటచే నేనును నా భార్యయు అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమునకు పోయితిమి. హైదరాబాదునుండి సుమారు 13,000 కిలోమీటర్లు. మా కుమారుడు నివసించునది ఎడిసన్ అను పట్టణము. థామస్ ఎడిసన్ 1879 లో విద్యుద్దీపమును వెలిగించిన మెన్లో పార్కు అచటిదే. ఆయన పేరును 1954 లో ఆ యూరికి పెట్టిరి. 1965 లో అమెరికా వలసచట్టము మాఱిన పిదప మనవారు ఆ దేశమునకు పోవుట పెరిగినది. నేడు ఆ ప్రాంతమున ఓక్ ట్రీ రోడ్డు వెంట నడచినచో కిరాణా కొట్లు, మిఠాయి కొట్లు, చీరల దుకాణములు వరుసగా కనబడును. ఒక అద్దాల బీరువాలో మన గద్వాల చీరను చూచి నా భార్య పుట్టింటివారిని చూచినట్లు నిలిచిపోయినది.

ఆ సంవత్సరము ఫాల్గుణ అమావాస్యనాడు, ఏప్రిల్ 8న, అచట సూర్యగ్రహణము. మన దేశమున అది కనబడలేదు. ఎడిసన్‌లో పాక్షికముగా పట్టినది. మధ్యాహ్నము మూడు గంటలు దాటిన పిదప ఎండ పలుచనై వెలుగు మందగించినది. మఱునాడు మంగళవారము, క్రోధి నామ సంవత్సర ఉగాది. ఆ దేశమున అది సెలవు కాదు. మా వాడు ఎప్పటివలెనే కొలువునకు పోయెను. ఇంటిలో పసిబిడ్డ యేడుపు తప్ప పండుగ సందడి లేదు. నా భార్య దీపము పెట్టి, నాకొక బెల్లపు ముక్క యిచ్చి, "మన వాకిట ఈపాటికి ఎంతమంది వచ్చిపోయియుందురో" అని కన్నులు తుడుచుకొనెను.

సాయంకాలము మా వాడు ఆ మాట విని, "శనివారమునాడు మిత్రులను పిలుచుదము నాయనా, పండుగను ఆనాడు చేసికొందము" అనెను. తిథి మీఱిన పండుగ యేమి పండుగ యని నేను సందేహించితిని. "ఇచట మా పండుగలన్నియు శనివారమే వచ్చును" అని వాడు నవ్వెను.

వంటభారము తండ్రికొడుకులమగు మాపై పడినది. నా భార్యకు బాలింతయు పసిబిడ్డయు చాలినంత పని. ఉగాది పచ్చడికి మామిడికాయ దొరికినది. చింతపండును బెల్లమును దొరికినవి. వేపచెట్టు ఆ చలిదేశమున పెరుగదు. ఎండిన వేపపూవు పొట్లములు వచ్చునట గాని, పండుగకు ముందే అమ్ముడైపోయినవి. నాలుగు కొట్లు తిరిగి, కడకు మెంతులు దోరగా వేయించి పొడి చేసి కలిపితిమి. చేదు చేదే గదా యని మనసునకు చెప్పికొంటిని. కొత్తకుండ లేదు గనుక గాజుపాత్రలో పచ్చడి కలిపితిమి. అరటియాకులు గడ్డకట్టిన పొట్లములలో అమ్ముదురు. వానిని గోరువెచ్చని నీట ముంచి మెల్లగా విప్పితిమి. పులిహోరకు పోపు వేయగానే ఇంటికప్పున నున్న పొగను కనిపెట్టు యంత్రము చెవులు చిల్లులు పడునట్లు కూయసాగినది. మా వాడు కుర్చీ యెక్కి తువాలుతో విసరుచుండ నేను పరుగునపోయి కిటికీలు తెఱచితిని. పసిబిడ్డ మేల్కొనినది. నా భార్య లోపలినుండి అన్న మాటలు ఈ సభలో చెప్పదగినవి కావు.

అసలైన ఆపద బక్షములలో వచ్చినది. శనగపప్పు మితిమీఱి ఉడికినది. బెల్లము చేర్చగానే పూర్ణము జావవలె జాఱిపోయినది. ఉండ కట్టుటకు రాదు, పాఱవేయుటకు మనసొప్పదు. అతిథులు వచ్చుటకు గంట వ్యవధి యున్నది. తండ్రికొడుకులము గిన్నెవంక చూచుచు నిలుచుంటిమి.

అప్పుడు తలుపు తట్టి లోనికి వచ్చినవాడు మన యూరి పిల్లవాడే. మన దళితవాడలో పుట్టి, మన బడిలో చదివి, సాయంకాలములు ఈ గ్రంథాలయపు బల్లలమీద ప్రవేశపరీక్షల పుస్తకములు చదివి, ఇంజనీరై, అచట ఉద్యోగము చేయుచున్నవాడు. ఆతని తండ్రి మా పొలమున పని చేసినవాడు. కొన్నియేండ్లు గుంపులో కలిసి పరరాష్ట్రములకు పోయివచ్చినవాడు. వారి పేర్లు చెప్పను. ఈ సంగతిని మీ యెదుట చెప్పుటకు మాత్రము ఆ తండ్రికొడుకుల యనుమతి పొందితిని.

ఆతడు గిన్నెలోనికి తొంగిచూచి, "ఏం కాదు సార్, జర సేపు సన్నమంట మీద తిప్పితే గట్టిపడుతది" అని చేతులు కడిగికొని గరిటె అందుకొనెను. కాలుగంట సేపు అడుగంటకుండ త్రిప్పెను. పూర్ణము గిన్నె అంచులు విడిచి ముద్దయైనది. చల్లార్చి, ఉండలు చేసి, పిండిలో పొదిగి, నూనె రాచిన అరటియాకుపై వ్రేళ్ళ కొసలతో ఒత్తి, పెనముపై వేసెను. పప్పు వార్చిన నీటిని పాఱబోయకుండ చారునకు ఎత్తిపెట్టెను. మొదటి బక్షమును నేయి వేసి కాల్చి, పళ్ళెములో పెట్టి, "తీపి సరిపోయిందా చూడండి సార్" అని నా వైపు చాచెను.

మహాజనులారా! నా చేయి ఒక్క క్షణము ఆగినది.

ఇతరులు గమనింపలేనంత స్వల్పకాలము. మా వాడు గమనింపలేదు. కాని ఆ పిల్లవాడు గమనించెను. ఆతడు పళ్ళెమును నా చేతికందీయక మెల్లగా వంటగట్టుమీద పెట్టి, ఒక అడుగు వెనుకకు జరిగెను. ఆ యడుగును నేనెఱుగుదును. ఆతని తండ్రి మా వాకిట వేయు అడుగు అది. 13,000 కిలోమీటర్లు దాటి పోయినను ఆ యొక్క అడుగు దూరము మా యిద్దఱి నడుమ మిగిలియుండెను.

నేను సిగ్గుపడి ఆ బక్షమును తీసికొని తింటిని. నాలుక కాలినది. "బాగున్నది" అంటిని. ఆతడు ఇంకొక బక్షమును పెనముపై వేయుచు, తనలో తాను చెప్పికొనునట్లు ఇట్లనెను: "ప్రతి ఉగాదికి మీ ఇంటికాడి నుంచి మా నాయిన బక్షాలు తెచ్చేటోడు సార్. రుమాల్ల కట్టుకొని వచ్చేవరకు చల్లబడి గట్టిగయ్యేటివి. బక్షమంటే గట్లనే ఉంటదనుకున్న. వేడిగ ఇంత మెత్తగ ఉంటదని ఇక్కడికొచ్చినంకనే తెలిసింది."

ఆ మాటలో నిష్ఠురము లేదు. అందుచేతనే అది నన్ను గట్టిగా తాకినది.

పిదప అతిథులు వచ్చిరి. వరంగల్లువారు, గుంటూరువారు, ఒక తమిళ దంపతులు, ఒక పంజాబీ యువకుడు, ప్రక్కయింటి అమెరికా ముసలమ్మగారు. ఆమె మూడు దినముల ముందే మా వానిని పిలిచి, "మీ యింట ఏది తినకూడదో చెప్పు" అని అడిగి, దాని ప్రకారము కోడిగ్రుడ్డు వేయకుండ ఆపిలు పండ్లతో ఒక తీపివంటకము చేసి తెచ్చెను. మోకాళ్ళు వంగనందున ఆమెకు చిన్నబల్లపై ఆకు వేసితిమి. తక్కినవారమందఱము నేలపై దుప్పటి పఱచి వరుసగా కూర్చుంటిమి. మొత్తము పదునొకండు విస్తళ్ళు. మన యూరి పిల్లవాడు నా కుడిప్రక్కన కూర్చుండెను. మెంతిపొడి పచ్చడిని నాలుకపై వేసికొని ముసలమ్మగారు ముఖము చిట్లించి, వెంటనే ఇంకొంచెము వేయుమనెను. అందఱము నవ్వితిమి. ఎవ్వరును ఎవ్వరి కులమును అడుగలేదు. అడుగవలెనని కూడ ఎవరికిని తోచినట్లు లేదు. ఆ పంక్తిలో దానిని తలచినవాడను నేనొక్కడనే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆముక్తమాల్యదలోని విష్ణుచిత్తుని యిల్లు కన్నులకు కట్టినది. మన నడిగడ్డవారే యగు సురవరం ప్రతాపరెడ్డిగారు, 1896 లో బోరవెల్లిలో జన్మించినవారు, ఇటిక్యాలపాడు స్వగ్రామముగా గలవారు, కావ్యములలో మనవారేమి తినిరి, ఏమి కట్టిరి యని వెదకి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' వ్రాసిరి. తెలుగునకు మొదటి సాహిత్య అకాడమీ బహుమానము 1955 లో ఆ గ్రంథమునకే వచ్చినది. కావ్యమును భోజనపు పంక్తివైపునుండి చూచుట నాకు నేర్పినది ఆ పుస్తకమే.

శ్రీకృష్ణదేవరాయలు విష్ణుచిత్తుని ఆతిథ్యమును ఋతువులవారీగా వర్ణించెను. ముసురు పట్టిన దినములలో ఆయన యిల్లాలు పొగ కన్నులకు తగులకుండ కొబ్బరిచిప్పలు పొయ్యిలో పెట్టి వండును. అన్నము, పప్పు, నాలుగైదు కూరలు, వడియములు, వరుగులు, పెరుగు వడ్డింతురు. వేసవికి వేఱు, చలికాలమునకు వేఱు. అంత పెట్టియు ఆ యింట నడిరేయి చెవి యొగ్గినచో వినవచ్చు మాట యొకటి గలదు. ఆ గృహస్థుడు అతిథులను ఇట్లు వేడుకొనును: కూరలు పెక్కు లేవు, వేడిగా లేవు, పిండివంటలు లేవు, అన్నమును అంత చక్కగా కుదురలేదు, దయచేసి భుజింపుడని.

ఈ పట్టును నేను ముప్పది యేండ్లుగా చదువుచున్నాను. అది వినయమని, పెద్దల మర్యాద యని ఎందఱికో చెప్పితిని. ఆ రాత్రి ఎడిసన్ పట్టణమున పండుకొని అందలి 'వేడిగా లేవు' అను భాగమొద్ద ఆగిపోతిని. విష్ణుచిత్తుడు వేడివేడిగా పెట్టియు మన్నింపుమనెను. నేను చల్లనివి పెట్టియు దానమనుకొంటిని. ఆయనకు అది మర్యాద. నాకు అది ఋణము.

నా వృత్తిభాషలో చెప్పెదను. ఇరువది ఉగాదులపాటు మా వాకిట ఇచ్చిన బక్షములను నేను మనసులో ఖర్చు పద్దున వ్రాసికొని, పుణ్యము జమ యైనదని సంతోషించితిని. ఆ పిల్లవాని మాటతో లెక్క తిరుగవ్రాయవలసివచ్చినది. అవి ఖర్చులు గావు, బాకీలు. మా తండ్రిగారు పట్వారీ. 1984 లో ప్రభుత్వము ఆ పదవులను రద్దు చేసినది గాని, మా వాకిటి పద్ధతి రద్దు కాలేదు. 1950 లో అమలునకు వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణమున అంటరానితనమును రద్దు చేసినది. ఆ సంగతిని నేను చదివితిని, పదిమందికి చదివి వినిపించితిని. మా గడపకు మాత్రము వినిపింపలేదు.

ఊరికి వచ్చిన పిదప 2025 మార్చి 30, ఆదివారమునాడు, విశ్వావసు నామ సంవత్సర ఉగాది. ముందునాడు నేనే ఆ వాడకు పోయి ఆ తండ్రిని భోజనమునకు పిలిచితిని. ఆయన నాకంటె ఆఱేండ్లు పెద్ద. ఐనను చిన్ననాటినుండి నేనాయనను 'ఒరే' అనియే పిలిచితిని. ఆనాడు నోట 'అన్నా' యను మాట వచ్చుటకు కొంత సేపు పట్టినది.

ఆయన వచ్చెను, అలవాటు చొప్పున వాకిట నిలుచుండెను. లోనికి రమ్మంటిని. "ఈడ గాలి బాగున్నది సారూ" అనెను. ఏబది యేండ్లు ఆపిన గడప ఒక్క పిలుపుతో తెఱచుకొనునా? నేను మఱి బలవంతపెట్టక, వేపచెట్టు క్రింద చాప పఱచి రెండు విస్తళ్ళు ప్రక్కప్రక్కన వేసితిని. పచ్చడిలో నిజమైన వేపపూవు, ఆ చెట్టుదే. నా భార్య పెనముమీదినుండి తీసిన బక్షమును తీసినట్లే తెచ్చి ఆయన యాకున వేసెను. ఆయన ఒక తునుక నోట పెట్టుకొని, "కాలుతున్నది" అని నవ్వెను. "నీ కొడుకు చేసినదియు ఇట్లే కాలినది అన్నా" అంటిని. ఆయన తల వంచుకొని చాల సేపు మాటలాడక తినెను.

ఆ దినము మా యింటికి రావలసిన ఇద్దఱు పెద్దలు భోజనమునకు రాలేదు. వారిపై నాకు కోపము లేదు. ఏబదియైదేండ్లు నేనును వారివాడనే. ఆయన ఇంకను మా గడప దాటలేదు. అది ఆయన లోపము గాదు. ఆ బాకీ ఇంకను నా ఖాతాలోనే యున్నది.

ఇక ఈ గ్రంథాలయముతో దీనికి సంబంధమేమని మీరడుగవచ్చును. ఇరువదియైదేండ్లుగా ఇచట ఒక్కొక్క పుస్తకము వందలకొలది చేతులు మాఱినది. పుటను త్రిప్పిన వ్రేలు ఎవరిదని ఎవరును అడుగలేదు. ఆ పిల్లవాడు చదివి పెట్టిన పుస్తకమును ఆ సాయంకాలమే నేను తీసి చదివియుందును. అప్పుడు నా చేయి ఆగలేదు. పుస్తకమునకు లేని అంటు బక్షమునకెట్లు వచ్చినది? ఈ బల్లలమీద కుదిరినది విస్తళ్ళయొద్ద ఏల కుదురదు?

పరదేశమున నున్నవాడు చేయునది మఱేమియు గాదు. వేపపూవు లేకున్న మెంతులతో సరిపెట్టును. కుండ లేకున్న గాజుపాత్ర, మంగళవారము కుదురకున్న శనివారము. ప్రక్కన కూర్చుండు మనుష్యుడు మాత్రము లేక పండుగ జరుగదని వానికి తెలియును గనుక, ఎవరు దొరికిన వారిని పిలిచి కూర్చుండబెట్టుకొనును. మనకిచట వేపపూవున్నది, కొత్తకుండ యున్నది, తిథి తప్పని పంచాంగమున్నది. మనుష్యులును ఉన్నారు. వారిని వాకిట నిలువబెట్టితిమి. ఎవరు పరదేశమున నున్నారో మీరే చెప్పుడు.

కావున నా విన్నపమొక్కటి. వచ్చు ఉగాదికి ఈ గ్రంథాలయపు మండపమున ఒక్క పంక్తి వేయుదము. ఏ వాడవారైనను, పనికై మన యూరికి వచ్చి అద్దెగదులలో నుండు పరప్రాంతపువారైనను, అందఱును అందులోనే. బియ్యమునకు, పప్పునకు, బెల్లమునకు అగు ఖర్చు నా పేర వ్రాయుడు. పద్దు నేనే వ్రాసెదను. వడ్డించువారు వాడవాడకు ఇద్దఱు చొప్పున రావలెను. బక్షములు మాత్రము పెనముమీదివి పెనముమీదనే వడ్డింపవలెను. ఒక్కటియు చల్లారరాదు.

ఆ పిల్లవాడు ఆనాటికి సెలవు దొరికినచో వత్తునని చెప్పియున్నాడు. పూర్ణము జాఱినచో దిక్కు వాడే.

మన తిమ్మప్పస్వామి ఈ గ్రంథాలయమును చల్లగా చూచునుగాక.